గోడ మీది ఫోటో దించమ్మా

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాకు 27 ఏళ్ళు. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. మా ఆయన ఆర్మీలో నాయక్. మొన్నమొన్నటి దాకా సికింద్రాబాద్‌లో పీస్ పోస్టింగ్. క్వార్టర్లో నలుగురం కలిసే ఉండేవాళ్ళం. అయిదు నెలల కిందట యూనిట్ లద్దాఖ్ వైపు ఫీల్డ్‌కి, అంటే కుటుంబాల్ని తీసుకెళ్ళడానికి వీల్లేని చోటికి, వెళ్ళిపోయింది. క్వార్టర్ ఖాళీ చేసి పిల్లలతో అత్తవారింటికి వచ్చేశాను. బాబుకి నాలుగున్నరేళ్ళు, పాపకి 14 నెలలు.

వచ్చిన దగ్గర్నుంచీ బాబు మారిపోయాడు. ఏడాది కిందటే పక్క తడపడం మానేసినవాడు మళ్ళీ రోజూ తడుపుతున్నాడు. చెల్లిని గిల్లుతున్నాడు. ఊళ్ళో పిల్లలు వాడి మాట విని 'హిందీ గుంటడు' అని ఏడిపిస్తారు. వాళ్ళ నాన్న వీడియో కాల్ చేస్తే మంచం కిందకి దూరిపోతాడు. ఆయన చాలా బాధపడుతున్నారు. మా అత్తగారు ఆయన యూనిఫాం ఫోటో పెద్దది చేయించి హాల్లో మామగారి ఫోటో పక్కన పెట్టించారు. పొద్దున్నే 'నాన్నకి దణ్ణం పెట్టు' అంటారు. మొన్న అలా అంటే బాబు 'నాన్న చచ్చిపోయాడా?' అన్నాడు. అందరూ వాణ్ణి కొట్టినంత పని చేశారు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే 'ఆడు అక్కడ కొండల్లో ఉన్నాడు, ఇంట్లో ఏడుపేటి, అపశకునం' అంటారు. కిందటి వారం బాబుని నేనే గట్టిగా కొట్టాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

వచ్చే నెలలో ఆయన 30 రోజుల సెలవు మీద వస్తున్నారు. పాప ఆయన్ని గుర్తు పడుతుందా? సికింద్రాబాద్‌లో ఎస్.ఎఫ్. క్వార్టర్‌కి (జవాను ఫీల్డ్‌లో ఉంటే భార్యాపిల్లలకిచ్చే ఇల్లు) పెట్టుకోమని ఒక స్నేహితురాలు అంటోంది. వెళ్ళనా, ఇక్కడే ఉండనా? తల్లీ తండ్రీ రెండూ నేనే అవ్వాలంటే నా వల్ల కావడం లేదు.

జవాబు:

అమ్మా,

నువ్వు అడిగిన వాటికన్నా ముందు, అడగని దానికి జవాబు చెబుతాను. గోడ మీది ఆ ఫోటో దించెయ్యి. ఇవాళే.

ఒకసారి మీ హాల్లో పిల్లాడి ఎత్తుకి గొంతుక్కూర్చుని పైకి చూడు. మామగారి ఫోటో ఉంటుంది. బొట్టు ఉంటుంది, దండ ఉంటుంది, పైన చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. 'తాత దేవుడి దగ్గరికెళ్ళాడు' అని వాడికి ఎప్పుడో చెప్పే ఉంటారు. ఇప్పుడు ఆ పక్కనే నాన్న వచ్చి చేరాడు. పొద్దున్నే దణ్ణం. నాన్న చూస్తే ఇంట్లో లేడు. మన ఇళ్ళల్లో గోడెక్కి దణ్ణాలు పెట్టించుకునేది దేవుళ్ళు, లేకపోతే పోయినవాళ్ళు. నాలుగున్నరేళ్ళ బుర్ర ఉన్న లెక్క ఉన్నట్టు కట్టింది. సరిపోయిందో లేదో పెద్దవాళ్ళని అడిగాడు. తిట్లు పడ్డాయి. దాంతో ఇది అడగకూడని సంగతి అని తెలిసింది, నిజమేనేమో అన్న అనుమానమూ గట్టిపడింది.

ఇంక ఆ ఫోన్ సంగతి. పోయాడేమో అనుకుంటున్న మనిషి చీకట్లో, గడ్డంతో, ఆగి ఆగి కదిలే మొహంతో తెర మీద కనబడి 'కన్నా' అని పిలిస్తే నేనైనా మంచం కిందకి దూరతాను.

ఫోటో విషయంలో అత్తగారితో గొడవ పెట్టుకోకు. ఆవిడ భర్తని పోగొట్టుకున్న మనిషి, కొడుకు కొండల మీద ఉన్నాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఆవిడకి పొద్దు గడవదు. దణ్ణం ఆవిడ చేస్తున్న కాపలా. కాబట్టి ఆవిడ భాషలోనే చెప్పు: 'అత్తయ్యా, బతికున్నవాళ్ళ ఫోటో పోయినవాళ్ళ పక్కన ఉండకూడదంటారు' అను. నువ్వు స్టూలు తెచ్చే లోపల ఆవిడే దించేస్తుంది. దణ్ణం ఆంజనేయస్వామికి పెట్టించుకోమను. ఆయన ఎలాగూ కొండలు మోసేవాడే.

దాని బదులు మీ ఆయన లుంగీతోనో బనీనుతోనో ఉన్న ఫోటో, ఇడ్లీ తింటున్నదో పిల్లాణ్ణి మెడ మీద ఎక్కించుకున్నదో, మామూలు సైజుది ఒకటి తీసి బీరువా తలుపుకి వాడి కళ్ళ ఎత్తులో అంటించు. వాడు దాన్ని ముట్టుకోవాలి, కావాలంటే గీతలు గీయాలి, చిరిగితే మళ్ళీ అంటించుకోవాలి.

తర్వాత వాడికి జవాబు బాకీ ఉన్నావు. వాడు మర్చిపోయాడనుకోకు. వాడు ఆడుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని, మొహం మరీ గంభీరంగా పెట్టకుండా చెప్పు: 'మొన్న నువ్వు అడిగావు చూడు, నాన్న చచ్చిపోలేదురా. బాగున్నాడు. నిన్న రాత్రి ఏం కూర తిన్నాడో కూడా చెప్పాడు. చాలా దూరంలో, మంచు పడే చోట పని చేస్తున్నాడు. అక్కడికి పిల్లల్ని రానివ్వరు. నువ్వు అల్లరి చేశావని వెళ్ళలేదు.' ఆఖరి మాట మటుకు వదలకు. ఈ వయసు పిల్లలు ఇంట్లో ఏం జరిగినా తమ వల్లే జరిగిందనుకుంటారు. సామాను సర్దేటప్పుడు ఎప్పుడో ఎవరో 'నీ అల్లరి భరించలేక నాన్న పోతున్నాడు' అని సరదాకి అని ఉంటారు. మనవాళ్ళకి ఇలాంటి సరదాలు బాగా ఎక్కువ. 'నాన్నకి దెబ్బ తగులుతుందా' అని అడిగితే తగలదని ఒట్టు వెయ్యకు. 'తగలకుండా ఎలా ఉండాలో నాన్నకి బాగా నేర్పించారు, చుట్టూ స్నేహితులున్నారు' అను. అది నిజం కూడా.

ఇదంతా నేను పుస్తకాలు చూసి చెప్పడం లేదు. మా ఆయన ఆర్టిలరీలో గన్నర్‌గా చేరి హవల్దార్‌గా రిటైరయ్యారు. 1999 వేసవిలో, కార్గిల్ యుద్ధమప్పుడు, ద్రాస్ వైపు ఉన్నారు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు, అబ్బాయి కడుపులో. విజయనగరం జిల్లాలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. జూన్, జూలై రెండు నెలలూ ఫోన్ అన్న మాటే లేదు. ఇన్‌లాండ్ లెటర్లు రావాలి, అవీ ఒకోసారి నెలకి ఏమీ రాక, మూడు ఒకేసారి వచ్చేవి, వెనకది ముందు ముందుది వెనక. టీవీలో మటుకు రోజూ జెండా కప్పిన పెట్టెలు. ఆ రెండు నెలల్లో ఒక తల్లి చెయ్యగలిగిన తప్పులన్నీ చేశాను. అందుకే నీకు ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

నువ్వు గమనించావో లేదో, మీవాడు పోగొట్టుకున్నది ఒక్క నాన్ననే కాదు. అదే వారంలో ఇల్లు పోయింది, మెట్ల మీద ఆడుకునే స్నేహితులు పోయారు, సాయంత్రం గేటు దగ్గర బూట్ల చప్పుడు పోయింది, చివరికి భాష కూడా పోయింది. క్వార్టర్లలో పిల్లలు హిందీ, తెలుగు, పంజాబీ కలిపి ఏదో వాళ్ళ భాష మాట్లాడుకుంటారు. ఊళ్ళో అది ఎగతాళి అయింది. ఆ పాత క్వార్టర్ స్నేహితుల్లో ఒకడితో వారానికోసారి ఫోన్లో మాట్లాడించు. వాళ్ళ నాన్నా ఫీల్డ్‌కి వెళ్ళే ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకునేది బొమ్మ కార్ల గురించే అయినా సరే, 'వాడికీ ఇంతే' అన్నది పిల్లలకి చెప్పకుండానే తెలుస్తుంది.

పక్క తడపడం. అయిదేళ్ళ లోపు పిల్లలు రాత్రిపూట పక్క తడిపితే డాక్టర్లు జబ్బుగా లెక్కపెట్టరు. అయినా మానేసి మళ్ళీ మొదలుపెట్టాడు కాబట్టి ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి మూత్రం పరీక్ష చేయించు. మంట, జ్వరం, విపరీతంగా నీళ్ళు తాగడం ఉంటే అసలు ఆలస్యం చెయ్యకు. ఏమీ లేదని తేలితే ఇక దాని గురించి ఇంట్లో మాట్లాడొద్దు. రబ్బరు షీటు వెయ్యి, దాని మీద రెండు పాత చీరలు మడత పెట్టు. తడిసిన చీర లాగేస్తే కింద పొడిది ఉంటుంది, అర్ధరాత్రి దీపం వెయ్యక్కర్లేదు. పొద్దున్నే అందరి ముందూ చీర పిండుతూ 'ఇంత మగాడివయ్యావు' అనే మాట ఎవరు అన్నా అక్కడే ఆపు. చెల్లిని గిల్లడమంటావా, అందరి పిల్లలూ గిల్లుతారు. పాపని పక్కకి తీసుకో, 'గిల్లకూడదు' అను, అంతే.

నువ్వు కొట్టావు. అవును, కొట్టకూడదు. వాడి దగ్గరికెళ్ళి 'అమ్మ కొట్టింది, అది తప్పు, నీ మీద కోపం కాదు, అమ్మకి అలుపొచ్చింది' అని చెప్పు. పిల్లల దగ్గర పరువు పోదు. అసలు సంగతి వేరే ఉంది. పాపకి పాలిస్తూ రాత్రి మూడు సార్లు లేస్తున్నావు, బాబు పక్క మారుస్తున్నావు, తెల్లారి అయిదింటికి వాకిలి ఊడుస్తున్నావు. అయిదు నెలలుగా ఒక్క రాత్రి తిన్నగా నిద్రపోలేదు. ఆ మనిషి చెయ్యి ఎత్తకపోతే ఆశ్చర్యపోవాలి. వారంలో రెండు మధ్యాహ్నాలు పిల్లలిద్దర్నీ అత్తగారికి అప్పజెప్పి తలుపేసుకుని పడుకో. అత్తగారికీ ఫోటో బదులు చేతినిండా పని దొరుకుతుంది. ఏడుపొస్తే ఏడువు. నీ కన్నీళ్ళు లద్దాఖ్ దాకా వెళ్ళి ఎవరికీ ఏమీ చెయ్యవు. పిల్లాడు చూస్తే 'నాన్న గుర్తొచ్చాడు' అని చెప్పు. నాన్న గుర్తొస్తే ఏడవచ్చని వాడూ నేర్చుకుంటాడు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎందుకీ బతుకు అనిపించినా టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం. తల్లీ తండ్రీ రెండూ అవ్వమని నిన్నెవరన్నారు? ఈ మాట మిలట్రీ ఇళ్ళల్లో పొగడ్తగా చెలామణి అవుతుంది. నేనూ మోశాను కొన్నాళ్ళు. మోస్తే ఏమవుతుందో చెప్పనా? తండ్రి కుర్చీలో మనమే కూర్చుంటాం. ఆయన సెలవుకొచ్చేసరికి కూర్చోడానికి చోటు ఉండదు. ఇంట్లో చుట్టంలా తిరుగుతాడు, గ్లాసు ఎక్కడుందో కూడా అడుక్కుంటాడు.

నువ్వు తల్లిగా ఉండు చాలు. ఆయన కుర్చీ ఆయనకే ఉంచు. అంటే ఏమిటంటే, అక్కడ ఉన్నా ఆయనకంటూ ఇంట్లో ఒక పని ఉండాలి. శిక్ష వేసే పని కాదు. 'ఉండు, నాన్న ఫోన్ చేశాక చెబుతా నీ పని' అని నువ్వూ అనకు, ఎవర్నీ అననివ్వకు. 'నాన్న తుపాకీ పట్టుకొస్తాడు' అనేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపు. ఆ పని చిన్నదై ఉండాలి, క్రమం తప్పకుండా ఉండాలి. మా ఇంట్లో గోళ్ళు. ఆదివారం గోళ్ళు తీయాలని నాన్న ఉత్తరంలో రాశాడని చెప్పేదాన్ని. నిజంగానే రాసేవారు, ప్రతి ఉత్తరంలోనూ 'పాప గోళ్ళు తీశావా' అని. నాతో అయితే ఊరంతా పరిగెత్తించేది, నాన్న మాట అంటే వేళ్ళు చాపేది. మీవాడికి రేపు స్కూలుకి ఏ చొక్కా వేసుకోవాలో నాన్న చెప్పొచ్చు, రాత్రి ఏ కథ వినాలో నాన్న చెప్పొచ్చు. మీకు ఈరోజుల్లో వాయిస్ మెసేజీలున్నాయి. సిగ్నలు ఉన్న రోజున ఆయన్ని రెండేసి నిమిషాల కథలు ఓ పది రికార్డు చేసి పంపమను. కాకి కథ, నక్క కథ, తన చిన్నప్పుడు చెరువులో జారిపడిన కథ. సిగ్నలు లేని వారాల్లో అవే వినిపించు. రోజూ అదే కథ అడుగుతాడు. అడగనీ.

వీడియో కాల్‌లో 'నాన్నతో మాట్లాడు, ముద్దు పెట్టు, ఏబీసీడీలు చెప్పు' అని పరీక్ష పెట్టకండి. వాడు అన్నం తినేటప్పుడు ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి వదిలెయ్యి. ఆయన ఆయన టీ తాగుతారు, వీడు వీడి అన్నం తింటాడు. మాట్లాడక్కర్లేదు. నాలుగు రోజులయ్యేసరికి ముద్ద ఎత్తి 'ఇదిగో' అని చూపిస్తాడు. పాపకి రెండు నిమిషాలు చాలు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని తీసే ఆట ఆడమను.

'నాన్న రేపొస్తాడు' అని మటుకు చెప్పొద్దు. చిన్నపిల్లలకి రేపు అంటే పడుకుని లేస్తే వచ్చేది. నాలుగు సార్లు లేచి చూసుకున్నాక నాన్న మీదా నమ్మకం పోతుంది, నీ మీదా పోతుంది. వచ్చే నెల సెలవు గురించి కూడా ఇప్పుడే చెప్పకు. సెలవు సాంక్షన్ అయింది అంటే వస్తున్నట్టు కాదని నీకు తెలుసు. జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు కాగితం మీద ఉంటాయి. రోడ్డు మూసుకుపోయినా, మంచు పడి విమానం ఎగరకపోయినా, పైనుంచి హుకుం వచ్చినా ఆ కాగితం కాగితమే. ఆయన కిందకి దిగి రైలెక్కాక చెప్పు. అప్పుడు రోజులు లెక్కపెట్టడానికి వాడి చేతికి జీడిపిక్కలివ్వు, మీ ఊళ్ళో వాటికి కరువు లేదు కదా. రోజుకొకటి డబ్బాలో వేస్తాడు.

టీవీ గురించి రెండు మాటలు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో మన ఛానెళ్ళు సైరన్ మోత పెట్టి చూపించినవన్నీ గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజు మళ్ళీ వస్తే పిల్లలున్న గదిలో టీవీ కట్టెయ్యి. రావలసిన కబురు ఏదైనా యూనిట్ నుంచి వస్తుంది, వాట్సాప్ గ్రూపులోంచి కాదు. యూనిట్ నంబరు ఒకటి, రేర్ పార్టీలో (యూనిట్ వెళ్ళాక వెనక ఉండిపోయే కొద్దిమందిలో) ఉన్న సీనియర్ జేసీవో, అంటే సుబేదార్ స్థాయి అధికారి, నంబరు ఒకటి ఇప్పుడే రాసి బీరువా లోపల అంటించు. మీ మరిది ఎవరైనా 'మా అన్న ఫలానా చోట' అని స్టేటస్ పెడుతుంటే తీయించు. 2020 జూలైలో ఆర్మీ జవాన్ల ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అందులో ఉన్నాయి. ఊరికే అన్నది కాదు.

ఆయనకి ఏం చెప్పాలి, ఏం దాచాలి? 'అంతా బాగున్నాం' అని రోజూ అబద్ధం చెబితే ఆయనకి తెలియకుండా ఉండదు. నీ గొంతు ఆయనకి తెలీదా? బాబు పక్క తడుపుతున్నాడని చెప్పు, కొట్టానని కూడా చెప్పు. డబ్బు తగాదా, అత్తగారి మీద ఫిర్యాదు లాంటివి ఫోన్లో తెరవకు. మధ్యలో లైను తెగిపోతుంది, ఆయన ఆ సగం మాటతోనే రాత్రి డ్యూటీకి వెళ్తారు. అలాంటివి రాసి పంపు. రాసేటప్పటికి నీ కోపంలో సగం చల్లారుతుంది.

ఆయన వచ్చినప్పుడు కాగితాలు మటుకు చూసుకోండి. పాప పుట్టిన సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో (జవాను ఇంటి సంగతులు ఆర్మీ రికార్డుకెక్కించే ఉత్తర్వులో) ఎక్కిందా? ఎక్కకపోతే రికార్డుల్లో ఆ పిల్ల లేనట్టే, డిపెండెంట్ కార్డు రాదు. కిండ్రెడ్ రోల్‌లో, అంటే కుటుంబ సభ్యుల జాబితాలో, నీ పేరు, పిల్లల పేర్లు అక్షరం తప్పు లేకుండా ఆధార్‌తో కలవాలి. బాబు ఎల్‌కేజీకి కూడా చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ వస్తుంది, 2024 జనవరి నుంచి నెలకి రూ. 2,812.50. ఏడాది అయ్యాక స్కూలు నుంచి సర్టిఫికెట్ తీసుకో. ఆయన జీతం పడే ఖాతా ఇద్దరి పేరు మీదా ఉందా, ఏటీఎం కార్డు నీ చేతిలో ఉందా అన్నది నువ్వు రాయలేదు. లేకపోతే ఈ సెలవులో ముందు ఆ పని.

ఎస్.ఎఫ్. క్వార్టర్. పెట్టుకో, కానీ ఇప్పుడే వెళ్ళకు. ఆయన ద్వారా ఇప్పుడే అప్లికేషన్ పెట్టించు, ఎలాగూ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. పిల్లాడు అయిదు నెలల్లో ఒకసారి కుదుళ్ళతో పెకలించబడ్డాడు. ఈ విద్యా సంవత్సరం మధ్యలో ఇంకోసారి పీకొద్దు. వేసవిలో మారితే కొత్త స్కూలు అందరితోపాటు మొదలుపెడతాడు. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి కాబట్టి అక్కడ తొందర లేదు, ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉన్నాయి. క్వార్టర్లలో ఉంటే మిలట్రీ ఆస్పత్రి ఉంటుంది, పిల్లాడి భాష మాట్లాడే పిల్లలుంటారు, అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే తలుపు తట్టడానికి నీలాంటి ఆడవాళ్ళు పది మంది ఉంటారు. అది చిన్న సంగతి కాదు. ఊళ్ళో అత్తగారి చెయ్యి సాయం ఉంటుంది, నోరూ ఉంటుంది. ఏది ఎక్కువ బరువో నువ్వే తూచుకోవాలి. నేనైతే వేసవికి వెళ్ళిపోదును. అందాకా మీ మండలంలో మిలట్రీ ఇళ్ళు ఎన్నున్నాయో కనుక్కో. శ్రీకాకుళం జిల్లాలో వెతుక్కునే పనుండదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని 'మిలట్రీ మాధవరం' అంటారు, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ అక్కడి మగవాళ్ళు సైన్యంలో ఉన్నారు. అక్కడ నాన్న ఫీల్డ్‌లో ఉన్న పిల్లాణ్ణి ఎవరూ వింతగా చూడరు. మీ ఊళ్ళో అలాంటి ఇల్లు ఇంకొక్కటి దొరికినా చాలు.

ఇప్పుడు ఆయన సెలవు సంగతి. ఇక్కణ్ణుంచి మీ ఆయనకి చదివి వినిపించు.

బాబూ, నువ్వు గుమ్మంలోకి రాగానే పాప ఏడుస్తుంది. ఏడిస్తే ఏడవనీ. ఈ వయసులో కొత్త మొహం చూసి ఏడవడం మామూలే, కంగారు పడక్కర్లేదు. చేతులు చాపి మీదకి వెళ్ళకు. ఎవరైనా పిల్లని నీ చేతుల్లోకి తోస్తే తీసుకోకు. 1999 అక్టోబర్‌లో మా ఆయన నల్ల ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని దిగారు. నాలుగేళ్ళ కూతురు నా చీర వెనక దాక్కుని 'మిలట్రీ అంకుల్' అంది. ఆ మాటకి ఆ మనిషి మొహం నేను చూడలేకపోయాను. కానీ ఆయన ఏమీ అనలేదు. అరుగు మీద పెట్టె పక్కన నేల మీద కూర్చుని, దాని వైపు చూడకుండా, వేయించిన వేరుశెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టారు. ఒలిచినవి పెట్టె మీద వరసగా పెట్టారు. లోపలికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి రెండు గింజలు లేవు. మర్నాడూ అదే. మూడో రోజు అది ఒక కాయ తెచ్చి ఆయన చేతిలో పెట్టి 'ఇది రావడం లేదు, ఒలువు' అంది. నీకు మూడు రోజులు పట్టచ్చు, పది పట్టచ్చు. నీ సెలవు నెల రోజులుంది.

మొదటి వారం పిల్లాణ్ణి దిద్దకు. వాడు నీ చోట అమ్మ పక్కన పడుకుంటున్నాడు. వచ్చిన రాత్రే లేపి పక్క గదిలో పడుకోబెడితే నిన్ను దొంగ కింద జమ కడతాడు. నలుగురూ ఒకే వరసలో పడుకోండి. మొదటి మూడు రోజులూ చుట్టాల్ని పిలవద్దు, చూడ్డానికి వచ్చేవాళ్ళని నాలుగో రోజు రమ్మనండి.

ఇంకొక్కటి. తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లలు నిద్రపోతుండగా వెళ్ళకు. పెద్దవాళ్ళందరూ అదే చెబుతారు, ఏడుస్తారు, చూడలేం, పడుకున్నాక వెళ్ళు అని. మాకూ చెప్పారు. ఆయన రాత్రి పదకొండింటికి చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డారు. పొద్దున్నే లేచి మా అమ్మాయి ఇల్లంతా వెతికి, ట్రంకు పెట్టె లేని చోటు చూసి, ఏమీ అనకుండా కూర్చుంది. ఆ తర్వాత ఏడాదిపాటు రాత్రి రెండింటికి లేచి నా మొహం చేత్తో తడిమి చూసుకునేది, నేను ఉన్నానో లేదో అని. ఇప్పుడు దానికి 30 ఏళ్ళు. ఇప్పటికీ మా ఇంటికొస్తే ఎవరైనా ఊరెళ్ళేటప్పుడు నిద్ర లేపమంటుంది. కాబట్టి వెలుగుండగా వెళ్ళు. ముందు రోజు చెప్పు. బాబు చేత చిన్న సంచి మోయించు, ఆటో దాకా రానీ. గుక్కపెట్టి ఏడుస్తాడు. ఏడవనీ. నాన్న వెళ్ళడం వాడు తన కళ్ళతో చూడాలి.

ఆయన వెళ్ళాక, అమ్మా, నీకు మిగిలేది పోస్టు. ఫోన్లుండగా ఉత్తరాలేమిటని నవ్వకు. 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసు మీద కవరు ఇప్పటికీ వెళ్తుంది, పిల్లాడు తన చేత్తో ఎర్ర డబ్బాలో వెయ్యగలిగేది అదొక్కటే. అందులో అక్షరాలు అక్కర్లేదు. నెలకోసారి ఇద్దరు పిల్లల ఎత్తూ పురికొసతో కొలిచి, కత్తిరించి, ముడివేసి పంపు. నేను పంపినవి మా ఆయన ట్రంకు పెట్టె మూత లోపల మేకుకి వేలాడదీసుకున్నారు. కొలిచేటప్పుడు వాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి కాళ్ళ వైపు కూడా చూసుకో. మడమలు ఎత్తేస్తారు.